సెలవుల్లో చరిత్ర: పిల్లల చేతిలో ఫోన్, పక్కన ఖాళీ కుర్చీ

సెప్టెంబర్ 17 వచ్చిందంటే తెలంగాణలో ఒకే రోజుకి మూడు పేర్లు. కేంద్ర ప్రభుత్వం దాన్ని ‘హైదరాబాద్ విమోచన దినం’ అంటుంది. ఇప్పటి కాంగ్రెస్ ప్రభుత్వం ‘ప్రజాపాలన దినోత్సవం’ జరుపుతోంది. అంతకుముందు బీఆర్ఎస్ హయాంలో అది ‘జాతీయ సమైక్యతా దినం’. బడిలో జెండా వందనం చేసి, మిఠాయి తిని ఇంటికొచ్చిన ఎనిమిదో తరగతి పిల్లాడు ‘అసలు ఆ రోజు ఏం జరిగింది అబ్బా?’ అని అడిగితే చాలా ఇళ్లల్లో వచ్చే జవాబు ఒకటే: ‘అవన్నీ ఇప్పుడెందుకు బేటా, చదువుకో.’

పిల్లాడు ఊరుకోడు. ఫోన్ తీసుకుని వెతుక్కుంటాడు. అరవై సెకన్ల షార్ట్ వీడియోలు ముందు వస్తాయి. ఒకదాంట్లో కత్తులు, మంటలు, వెనక భీకరమైన సంగీతం. ఇంకోదాంట్లో నిజాం వజ్రాలు, పేపర్‌వెయిట్ కథ. మూడోది ఏఐతో బొమ్మలు పుట్టించి, మిషను గొంతుతో చదివించినది. దసరా సెలవుల్లో ఇవి రోజుకి పది చూసినా పదిహేను నిమిషాలు పట్టదు. సెలవులయ్యాక బడికెళితే పక్క బెంచీ పిల్లాడూ అవే చూసి వచ్చి ఉంటాడు. ‘మీ రజాకార్లు’, ‘మీ ఔరంగజేబు’ అన్న మాట అక్కడ పడుతుంది. జవాబు చెప్పడానికి మన పిల్లాడి దగ్గర కోపం ఉంటుంది, లేకపోతే మౌనం ఉంటుంది. విషయం మాత్రం ఉండదు.

పాఠ్యపుస్తకం ఆ లోటు తీరుస్తుందా అంటే, సీబీఎస్ఈ బడుల సంగతి చూడాలి. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ 12వ తరగతి చరిత్ర పుస్తకం నుంచి మొఘల్ దర్బారుల మీద ఉన్న అధ్యాయం తీసేసింది. 2025లో వచ్చిన ఏడో తరగతి కొత్త పుస్తకం మొదటి భాగంలో ఢిల్లీ సుల్తానులూ లేరు, మొఘలులూ లేరు. అదే ఏడాది జూలైలో విడుదలైన ఎనిమిదో తరగతి పుస్తకంలో వాళ్లు కనిపించారు. బాబర్ దయలేని విజేత అనీ, అక్బర్ పాలన క్రూరత్వమూ సహనమూ కలిసినదనీ, ఔరంగజేబు ఆలయాలు, గురుద్వారాలు కూల్చాడనీ అందులో ఉంది. వాటి పక్కనే ఒక గమనిక కూడా ఉంది: ఎప్పుడో జరిగిన వాటికి ఈనాటి వాళ్లెవరినీ బాధ్యులను చేయకూడదని. మంచి గమనికే. క్లాసులో దాన్ని ఎంతమంది టీచర్లు గట్టిగా చదివి వినిపిస్తారన్నదే ప్రశ్న. రాష్ట్ర బోర్డు బడుల్లో పుస్తకం వేరు, కానీ ఫోన్ అందరిదీ ఒకటే.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా ఒప్పుకోవాలి. ఔరంగజేబు గుళ్లు కూల్పించిన సంగతి అబద్ధం కాదు. ఆ కాలపు ఫార్సీ రాతల్లోనే ఉంది. అది పుస్తకంలో ఉండటం తప్పూ కాదు. పదమూడేళ్ల పిల్లాడికి ఆ ఒక్క ముక్కే మిగిలి, దాని చుట్టూ ఉన్న వందేళ్ల పాలన, పన్నులు, సైన్యాలు, పొత్తులు, యుద్ధాలు ఏవీ తెలియకపోవడమే ఇబ్బంది. పూర్తి లెక్క చూపించకుండా ఒక్క ఎంట్రీ చూపించి బ్యాలెన్స్ అడిగినట్టు ఉంటుంది.

సినిమా పని సినిమాది

2025 ఫిబ్రవరిలో ‘ఛావా’ హిందీలో వచ్చింది. మార్చిలో తెలుగు డబ్బింగ్ కూడా విడుదలైంది. అది శివాజీ సావంత్ రాసిన మరాఠీ నవల మీద ఆధారపడ్డ సినిమా. నవల అంటే రచయిత ఊహ కలిసిందే, ఎవరూ దాచలేదు. కానీ ఆ మార్చిలో జరిగినవి చూస్తే ప్రేక్షకుడు ఆ తేడా ఎంత త్వరగా మర్చిపోతాడో తెలుస్తుంది. మధ్యప్రదేశ్‌లోని బుర్హాన్‌పూర్ దగ్గర అసీర్‌గఢ్ కోట పక్క పొలాల్లో జనం రాత్రిళ్లు టార్చిలైట్లు, పారలు పట్టుకుని మొఘలుల బంగారం కోసం తవ్వారు. సినిమాలో చూపించారు కదా అని! నవ్వొచ్చే సంగతి ఇది. నవ్వురాని సంగతి నాగ్‌పూర్‌లో జరిగింది. ఔరంగజేబు సమాధి తీసేయాలన్న ఆందోళన తర్వాత మార్చి 17న అక్కడ అల్లర్లు చెలరేగాయి. ఔరంగజేబు మీద జనం కోపాన్ని ఈ సినిమా మళ్లీ రగిలించిందని మహారాష్ట్ర ముఖ్యమంత్రే అసెంబ్లీలో అన్నారు. దాడి ముందే ప్లాన్ చేసినట్టుందని కూడా ఆయనే అన్నారు.

2024 మార్చిలో వచ్చిన ‘రజాకార్’ సంగతి తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు. దాన్ని నిర్మించింది ఒక బీజేపీ నాయకుడు. థియేటర్‌లో చూసినవాళ్లకన్నా దాని ముక్కలు ఫోన్లలో చూసిన పిల్లలే ఎక్కువై ఉంటారు. ఆ ముక్కకి ముందేముంది, వెనకేముంది ఎవరికీ పట్టదు.

సినిమాకీ డాక్యుమెంటరీకీ తేడా ఏమిటని పిల్లలు అడిగితే చెప్పడం తేలికే. ఇంట్లో ఎవరైనా కిరాణా షాపు నడుపుతుంటే, లేదా అకౌంట్స్ రాస్తుంటే ఇంకా తేలిక. ఓచర్ లేని ఖర్చుని పుస్తకంలో ఎక్కించరు. మంచి డాక్యుమెంటరీ తన ఓచర్లు చూపిస్తుంది: ఇదిగో శాసనం, ఇదిగో ఫర్మానా, ఇదిగో ఆ ఊళ్లో బతికున్న ముసలాయన మాట, ఈ విషయంలో చరిత్రకారుల మధ్య గొడవ ఉంది. సినిమాకి ఆ బాధ్యత లేదు. అరవై సెకన్ల షార్ట్‌కి అసలే లేదు.

ఓచర్ చూపించినా దాని మీద తేదీ సరిగా ఉందా అని చూడాలి. దీనికి హైదరాబాద్‌దే ఒక ఉదాహరణ ఉంది. నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ చేతులు జోడించి సర్దార్ పటేల్‌కి ఎదురుగా నిలబడ్డ ఫోటో ఏటా సెప్టెంబర్‌లో ఫోన్లన్నీ తిరుగుతుంది. కింద ‘1948 సెప్టెంబర్ 17, నిజాం లొంగుబాటు’ అని రాసి ఉంటుంది. ఆ ఫోటో బేగంపేట విమానాశ్రయంలో తీసింది. పటేల్ అక్కడికి వచ్చింది 1949 ఫిబ్రవరిలో, అంటే ఐదు నెలల తర్వాత. సెప్టెంబర్ 17న నిజాం చేసింది రేడియోలో ప్రకటన. మర్నాడు మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురికి లొంగిపోయింది నిజాం సేనాపతి ఎల్ ఎద్రూస్. ఫోటో అసలుదే, దాని కింద రాసిన మాట తప్పు. ఈ ఒక్క ఫోటో పట్టుకుని పిల్లలతో అరగంట కూర్చుంటే చాలు, తర్వాత ఏ వీడియో చూసినా ‘ఇది ఎప్పటి బొమ్మ?’ అని వాళ్లే అడుగుతారు.

ఇంట్లో చూడదగినవి

ఇంట్లో టీవీ ముందు కూర్చుని చూడటానికి ఏమున్నాయి? పాతదే అయినా మొదట చెప్పాల్సింది ‘భారత్ ఏక్ ఖోజ్’. 1988 నవంబర్‌లో దూరదర్శన్‌లో మొదలై 53 ఎపిసోడ్లు నడిచింది. తీసింది శ్యామ్ బెనెగల్. ఆయన హైదరాబాద్‌లోనే పుట్టి పెరిగి, నిజాం కాలేజీలో చదివాడు. 2024 డిసెంబర్‌లో కన్నుమూశాడు. నెహ్రూ అహ్మద్‌నగర్ కోట జైలులో రాసిన ‘డిస్కవరీ ఆఫ్ ఇండియా’ దీనికి ఆధారం. నెహ్రూగా రోషన్ సేఠ్ కనిపిస్తాడు, ఓం పురి గొంతు కథ నడిపిస్తుంది. యూట్యూబ్‌లో దొరుకుతుంది, డబ్బు కట్టక్కర్లేదు.

‘ఛావా’ చూసొచ్చిన పిల్లలున్న ఇంట్లో మొదటి ఎపిసోడ్ నుంచి మొదలుపెట్టకపోయినా పర్లేదు. ఔరంగజేబు మీద ఎపిసోడ్లు, ఆ వెంటనే శివాజీ మీద ఎపిసోడ్లు ఉన్నాయి. ఔరంగజేబుగా ఓం పురి, శివాజీగా నసీరుద్దీన్ షా. రెండూ వెంటవెంటనే చూస్తే మతం ఒక్కటే కారణంగా నడిచిన యుద్ధంలా అది కనిపించదు. 1665లో శివాజీ చేత పురందర్ ఒప్పందం మీద సంతకం పెట్టించింది మొఘల్ సేనాపతి, రాజపుత్రుడైన మీర్జా రాజా జై సింగ్. శివాజీ నౌకాదళంలో దౌలత్ ఖాన్ అనే ముస్లిం సేనాని ఉన్నాడు.

మన పక్కనే ఉన్న గోల్కొండ ఇందులోకి ఎలా వచ్చిందో పిల్లలకు చెబితే ఇంకా ఆసక్తి పుడుతుంది. 1677లో శివాజీ హైదరాబాద్ వచ్చి అబుల్ హసన్ తానాషాతో పొత్తు కుదుర్చుకున్నాడు. ఆ తానాషా దర్బారులో చక్రం తిప్పింది అక్కన్న, మాదన్న అనే బ్రాహ్మణ సోదరులు. పదేళ్ల తర్వాత, 1687లో, నెలల తరబడి ముట్టడించి గోల్కొండని పడగొట్టి ఆ ముస్లిం సుల్తానుని బందీగా తీసుకెళ్లినవాడు ఔరంగజేబే. ‘మీ ఔరంగజేబు’ అని ఎవరైనా అంటే హైదరాబాద్ పిల్లాడు చెప్పగలిగిన జవాబు ఇది. గోల్కొండ గోడలు చూడటానికి టికెట్ కొనుక్కుని వెళ్లొచ్చు కూడా.

‘భారత్ ఏక్ ఖోజ్’లో లోపాలు లేవని కాదు. నడక చాలా నెమ్మది. రీల్స్‌కి అలవాటైన పిల్లలు పది నిమిషాల్లో లేచిపోతారు. సెట్లు అట్టముక్కల్లా ఉంటాయి, పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వాలి. సగం నాటకీయ సన్నివేశాలే, వాటిలోని సంభాషణలు రచయితలు రాసినవే. మొత్తం మీద అది నెహ్రూ చూపు. కుతుబ్‌షాహీలకు అందులో విడిగా చోటు దొరకలేదు. అయినా ఆ మాటని అది దాచదు. ‘ఇది ఫలానా మనిషి చెప్పిన చరిత్ర’ అని ఆ మనిషిని తెర మీద కూర్చోబెట్టి మరీ చెబుతుంది. చెప్పేవాడెవడో తెలియని వీడియోకన్నా అది నయం.

ఇంగ్లిష్ మీడియం పిల్లలకి మైకేల్ వుడ్ చేసిన ‘ది స్టోరీ ఆఫ్ ఇండియా’ బాగా నచ్చుతుంది. 2007లో బీబీసీలో వచ్చింది, ఆరు ఎపిసోడ్లు. ఆయన స్టూడియోలో కూర్చోడు, ఊళ్లు తిరుగుతాడు, మనుషులతో మాట్లాడతాడు. ఐదో ఎపిసోడ్ మొఘలుల మీద. దాని పేరు ‘రెండు సముద్రాల కలయిక’ అన్న అర్థంలో ఉంటుంది. షాజహాన్ పెద్ద కొడుకు దారా షికో రాసిన ‘మజ్మా-ఉల్-బహ్రైన్’ పుస్తకం పేరు అది. ఖురాన్‌లో సూరా కహఫ్ చదివిన పిల్లలకు ఆ మాట ఎక్కడో విన్నట్టే ఉంటుంది. బయటి దేశం మనిషి చూపు కాబట్టి అక్కడక్కడ ముచ్చట ఎక్కువ, లోతు తక్కువ.

తొమ్మిది, పదో తరగతి వాళ్లకి ‘సంవిధాన్’ తప్పక చూపించాలి. ఇదీ బెనెగల్‌దే, 2014లో రాజ్యసభ టీవీ కోసం తీశాడు, పది ఎపిసోడ్లు. అంబేద్కర్‌గా సచిన్ ఖేడేకర్. మైనారిటీల హక్కుల గురించి రాజ్యాంగ సభలో జరిగిన వాదనలు ఇందులో చూడొచ్చు. పౌరశాస్త్రం పాఠంలో ఒక లైనుగా బట్టీ పట్టిన ఆర్టికల్ వెనక ఎంత పట్టుదల, ఎంత భయం, ఎంత బేరం ఉన్నాయో తెలుస్తుంది. తల్లిదండ్రులకీ పనికొస్తుంది.

సైన్స్ ఇష్టపడే పిల్లలున్న ఇంటికి 2009లో బీబీసీ కోసం జిమ్ అల్-ఖలీలీ చేసిన ‘సైన్స్ అండ్ ఇస్లాం’ మూడు భాగాలు సరిపోతాయి. ఆయన బాగ్దాద్‌లో పుట్టిన భౌతికశాస్త్రవేత్త. అల్-ఖ్వారిజ్మీ పేరు నుంచి ‘అల్గారిథమ్’ అన్న మాట ఎలా వచ్చిందో, బాగ్దాద్‌లో గ్రీకు పుస్తకాలు అరబీలోకి ఎందుకు తర్జుమా అయ్యాయో చెబుతాడు. ‘అన్నీ మనవాళ్లే కనిపెట్టారు’ అనే వాట్సాప్ ఫార్వర్డ్‌లకి ఇది మంచి మందు. అల్-ఖ్వారిజ్మీ భారతీయ అంకెల మీద పుస్తకం రాశాడు. తీసుకున్నది ఎవరి దగ్గరో చెప్పి మరీ రాశాడు. చివరి భాగం పేరే ‘సందేహానికున్న బలం’ అన్న అర్థంలో పెట్టారు.

ఎర్తుగ్రుల్ డాక్యుమెంటరీ కాదు

ఇక్కడ కొందరికి కోపం రావచ్చు. 2020లో లాక్‌డౌన్ టైంలో ఉర్దూ డబ్బింగ్‌లో ‘ఎర్తుగ్రుల్’ చూడని ముస్లిం ఇల్లు తక్కువ. పిల్లలకు ‘చరిత్ర నేర్పడానికే’ చూపించామని చెప్పిన తల్లిదండ్రులూ ఉన్నారు. గుర్రాలు బాగున్నాయి, నమాజు సన్నివేశాలు బాగున్నాయి, హీరో నచ్చాడు. సరే. కానీ ఎర్తుగ్రుల్ కాలంలో ఆయన గురించి రాసిన రాతలు దాదాపు ఏవీ మిగల్లేదు. కొడుకు ఉస్మాన్ వేయించిన నాణెం మీద తండ్రి పేరు కనిపిస్తుంది, ఆ మీద చెప్పుకునేవన్నీ చాలా తర్వాత రాసినవి. ఐదు సీజన్ల కథలో అత్యధిక భాగం రచయితల గదిలో పుట్టింది. దూరదర్శన్‌లో 1990లో వచ్చిన ‘ది స్వోర్డ్ ఆఫ్ టిప్పు సుల్తాన్’ కూడా భగవాన్ గిద్వానీ నవలే, కల్పన అన్న ప్రకటనతోనే ప్రసారమైంది.

‘ఛావా’ని ‘అది సినిమానే కదా’ అని కొట్టిపారేసి, ‘ఎర్తుగ్రుల్’ని ‘అది చరిత్ర’ అని చెప్పే ఇంట్లో పిల్లలు ఒక్క పాఠం మాత్రం బాగా నేర్చుకుంటారు: మనకి నచ్చితే నిజం, నచ్చకపోతే అబద్ధం. పక్క బెంచీ పిల్లాడి ఇంట్లో నేర్పుతున్నదీ అదే. అతని మీద ఫిర్యాదు చేయడానికి అప్పుడు ఏం మిగులుతుంది?

1948 అనే పరీక్ష

తెలుగు ముస్లిం కుటుంబాలకి అసలు పరీక్ష ఎర్తుగ్రుల్ దగ్గర కాదు, 1948 దగ్గరే. ఆ ఏడాది మీద ఏ వీడియో చూపించినా అందులో కొన్ని సంగతులు ఉన్నాయా లేదా అని పెద్దవాళ్లు చూసుకోవాలి.

మొదటిది షోయబుల్లా ఖాన్. ‘ఇమ్రోజ్’ అనే ఉర్దూ పత్రిక ఎడిటర్. హైదరాబాద్ భారత్‌లో కలవాలని రాసినందుకు 1948 ఆగస్టులో రజాకార్లు నడిరోడ్డు మీద చంపేశారు. చంపింది రజాకార్లు, చనిపోయింది ముస్లిం. ఊళ్ల మీద రజాకార్లు చేసిన దాడులు, దోపిడీలు జరిగినవే. వాటి బాధితుల్లో ఎక్కువమంది హిందూ రైతులు, కమ్యూనిస్టు కార్యకర్తలు. ఇది చెప్పడానికి ముస్లిం ఇంట్లో ఎవరూ సిగ్గుపడక్కర్లేదు, దాచక్కర్లేదు.

రెండోది సుందర్‌లాల్ కమిటీ. సెప్టెంబర్ 13న మొదలైన సైనిక చర్య ఐదు రోజుల్లో ముగిసింది. దాని వెంట, ఆ తర్వాత, ముస్లింల మీద జరిగిన హింసని చూసి రమ్మని నెహ్రూ పండిట్ సుందర్‌లాల్ నాయకత్వంలో బృందాన్ని పంపాడు. 1948 నవంబర్ చివర నుంచి డిసెంబర్ మూడో వారం దాకా వాళ్లు జిల్లాలు తిరిగారు. తక్కువలో తక్కువ లెక్క వేసినా 27,000 నుంచి 40,000 మంది చనిపోయి ఉంటారని రాశారు. ఎక్కువ నష్టం ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో. తెలుగు జిల్లాల్లో అంతకన్నా తక్కువ. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. 2013లో బీబీసీ దాని మీద కార్యక్రమం చేశాకే మామూలు జనానికి తెలిసింది. రజాకార్ల దౌర్జన్యాలనీ అదే నివేదిక ఒప్పుకుంది. చాలా చోట్ల హిందువులు తమ పొరుగు ముస్లింలను ప్రాణాలకు తెగించి కాపాడారని కూడా రాసింది.

మూడోది అందరూ మర్చిపోయేది. నిజాం అంటే ముస్లింలందరూ, ముస్లింలంటే నిజాం వైపు అన్న లెక్క మొదటి నుంచీ తప్పే. జనగామ దగ్గర కామారెడ్డిగూడెం రైతు షేక్ బందగీ తన భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డితో కోర్టులో పోరాడి, 1940లో హత్యకు గురయ్యాడు. అక్కడ దొర హిందువు, రైతు ముస్లిం, పైన ఉన్నది నిజాం సర్కారు. ఆ బందగీ కథ నుంచే ‘మా భూమి’ నాటకం పుట్టింది. నిజాం పాలన మీద సాయుధ పోరాటానికి పిలుపునిచ్చిన ముగ్గురు నాయకుల్లో ఒకరు కవి మఖ్దూం మొహియుద్దీన్. అంతకు తొంభై ఏళ్ల ముందు, 1857 జూలై 17న, కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడి చేసింది తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్. అప్పటి నిజాం సర్కారు బ్రిటిష్ వాళ్ల వైపు నిలబడింది. మౌల్వీని అండమాన్ పంపారు, ఆయన అక్కడే చనిపోయాడు.

ఈ మూడూ ఒకే చోట ఉన్న వీడియో వెతికితే దొరకడం కష్టం. ఒక వైపు వాళ్లు షోయబుల్లా దగ్గర ఆపేస్తారు, ఇంకో వైపు వాళ్లు సుందర్‌లాల్ దగ్గర మొదలుపెడతారు. రెండు వీడియోలు పక్కపక్కన పెట్టి, ‘ఇందులో ఎవరు లేరు?’ అని పిల్లలను అడగడం మంచి పద్ధతి. తొమ్మిదో తరగతి దాటిన వాళ్లకే ఇది. చిన్నపిల్లలకు చావుల లెక్కలు, శవాల ఫోటోలు అక్కర్లేదు.

తెలుగులో ఏదీ?

పైన చెప్పినవన్నీ హిందీ, ఇంగ్లిష్‌లోనే ఉన్నాయి. హైదరాబాద్, నిజామాబాద్ ఇళ్లల్లో దక్కనీ మాట్లాడే పిల్లలకి ‘భారత్ ఏక్ ఖోజ్’ భాష కొంత కష్టమైనా అర్థమవుతుంది. గుంటూరు, ప్రకాశం, కర్నూలు జిల్లాల్లో ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకుల, నూర్‌బాషా కుటుంబాల పిల్లల సంగతేంటి? యూట్యూబ్‌లో తెలుగు సబ్‌టైటిల్ పెట్టుకోవచ్చు, కానీ మిషను తర్జుమాలో పేర్లు, బిరుదులు ఏవేవో అయిపోతాయి. ప్రభుత్వ టీ-శాట్ ఛానళ్లలో తెలుగు చరిత్ర పాఠాలున్నాయి, అవి బోర్డు ముందు నిలబడి చెప్పే పాఠాలే, పరీక్షకి పనికొస్తాయి. పిల్లలు సెలవుల్లో కూర్చుని చూసే సరుకు కాదు.

విషయం లేకనా అంటే, కావలసినంత ఉంది. ఇబ్రహీం కుతుబ్‌షా దర్బారులో తెలుగు కవులుండేవారు, అద్దంకి గంగాధర కవి తన కావ్యాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. సంస్కృత పదం లేకుండా అచ్చ తెలుగులో వచ్చిన మొదటి కావ్యం పొన్నగంటి తెలగన్న ‘యయాతి చరిత్ర’. దాన్ని అంకితం తీసుకున్నది పటాన్‌చెరు అమీన్ ఖాన్. తెలుగు క్లాసులో ‘నీకు తెలుగెలా వచ్చు?’ అని ఆశ్చర్యపోయేవాళ్లకి ఇంతకన్నా మంచి జవాబు లేదు, కానీ దీని మీద ఇరవై నిమిషాల వీడియో చూపించమంటే చేతిలో ఏమీ ఉండదు. సయ్యద్ నశీర్ అహమ్మద్ లాంటి రచయితలు స్వాతంత్ర్యోద్యమంలో ముస్లింల మీద తెలుగులో పుస్తకాలకి పుస్తకాలు రాశారు. తీయాలనుకునే వాళ్లకి స్క్రిప్టుకి కావలసిన సామగ్రి సగం అక్కడే దొరుకుతుంది. జల్సాలకి, ఫ్లెక్సీలకి, లైటింగ్‌కి ఖర్చుపెట్టే కమిటీలు ఏడాదికి ఒక్క ఫ్లెక్సీ ఖర్చు ఇటు మళ్లించినా ఒక కాలేజీ కుర్రాడు మంచి మైక్ కొనుక్కుని పని మొదలుపెడతాడు.

అందాకా ఇంట్లో చేయగలిగింది చెయ్యాలి. అబ్బా గల్ఫ్‌లో ఉంటారు, అమ్మీకి పని, అన్న కోచింగ్‌కి వెళతాడు. రోజూ కాకపోయినా వారానికి ఒక్క ఎపిసోడ్, ఒక్కరు పక్కన కూర్చుంటే చాలు. ఫోన్లో కాకుండా టీవీలో వేస్తే నలుగురూ చూస్తారు. అర్థం కాని చోట ఆపాలి. ఆపి ‘ఇది వీళ్లకెలా తెలిసింది?’ అని అడగాలి. జవాబు తెలియకపోతే తెలియదనే చెప్పాలి, అమ్మీ అబ్బా కూడా తెలియదని చెప్పగలరని పిల్లలకు తెలియడం మంచిదే.

ఇంట్లోనే ఇంకో ఓచర్ ఉంది, దాన్ని చాలామంది చూడరు. దాన్ని పాత తరం ‘పోలీస్ యాక్షన్’ అనే అంటుంది, ఆపరేషన్ పోలో అనదు. ఆ రోజు పదేళ్లున్న నానీకి, దాదాకి ఇప్పుడు ఎనభై ఏడు దాటాయి. ఎవరింట్లో దాక్కున్నారు, ఏ పొరుగింటివాళ్లు అన్నం పెట్టారు, ఏ వస్తువులు వదిలేసి వచ్చారు, రజాకార్లంటే ఊళ్లో ఏమనుకునేవారు, ఇవన్నీ వాళ్ల దగ్గరే ఉన్నాయి. పిల్లల చేత అడిగించాలి, ఫోన్లో రికార్డు చేయించాలి. బలవంతం వద్దు, కళ్లలో నీళ్లు తిరిగితే ఆపేయాలి. రికార్డింగ్ మొదట్లో వాళ్ల పేరు, ఊరు, అప్పటి వయసు, ఈనాటి తేదీ వాళ్ల నోటితోనే చెప్పించాలి. ఫోన్ పోతే పోయేది కాకుండా ఇంకో చోట కాపీ పెట్టాలి.